ఆత్మశుద్ధి కొరకైన ఒక ఇస్లామీయ దుఆ: సంఘకాపరులకు పరిచయము

ఇస్లాములో మనిషి తన క్రియలచేత తన్ను తానే శుద్ధి చేసికొంటాడనీ, శుద్ధిని దేవుని యొద్ద అడిగి పొందే తలంపు అక్కడ లేదనీ మన ప్రసంగ వేదికల మీద తరచుగా వింటూ ఉంటాము. ఇతర మతముల అధ్యయనములో పరీక్ష వ్రాసే వేదాంత విద్యార్థి కూడా ఈ మాటనే రెండు వాక్యములలో వ్రాసి తరువాతి ప్రశ్నకు సాగిపోతాడు. ఒక ప్రక్క క్రియలు, మరొక ప్రక్క కృప అని గీత గీస్తే పాఠము చెప్పడము సులభమే. అయితే ముస్లిములు నిజముగా చేసే ప్రార్థనలలో ఒక్కదానినైనా దగ్గర పెట్టుకొని చదివితే, ఆ గీత మనము గీసిన చోట నిలువదు. అలాంటి ఒక ప్రార్థనను ఈ వ్యాసములో పరిశీలిస్తున్నాము. ముహమ్మద్ ప్రవక్త ఈ ప్రార్థన చేసేవారని ఆయన సహచరుడు జైద్ బిన్ అర్ఖమ్ తెలియజేశాడు. అది సహీహ్ ముస్లిం అనే హదీసు సంకలనములో ఉన్నది. అందులో విశ్వాసి తన అంతరంగ బలము కొరకును, తన నఫ్స్ శుద్ధి కొరకును దేవునినే ఆశ్రయిస్తాడు.

మన ప్రాంతములో దుఆ అంటే

తిరువూరు వంటి పట్టణమును తీసుకొందాము. విజయవాడ నుండి జగదల్‌పూర్ వెళ్లే జాతీయ రహదారి మీద, తెలంగాణ సరిహద్దుకు చేరువలో ఉన్నది. 2022 ఏప్రిల్ వరకు కృష్ణా జిల్లాలో ఉండి, జిల్లాల విభజన తరువాత ఎన్టీఆర్ జిల్లాలో చేరినది. మసీదులోని అజాను, చర్చిలోని పాట ఒకరివి ఒకరికి వినబడే ఊళ్లలో ఇదొకటి. ఇంత దగ్గరగా బ్రతుకుతూ ఉన్నప్పటికిని పొరుగువారి ప్రార్థనలో ఏమి అడుగుతారో మన విశ్వాసులలో తెలిసినవారు తక్కువ.

తెలియకపోవడానికి ఒక కారణము ఉన్నది. మన పట్టణములలో ముస్లిమేతరులకు మసీదు ప్రార్థనతో ఉన్న పరిచయము ఎక్కువగా గుమ్మము దగ్గరిదే. సాయంకాలపు నమాజు ముగిసే వేళకు చంటిబిడ్డలను ఎత్తుకొన్న తల్లులు మసీదు బయట నిలబడి ఉంటారు. లోపలినుండి వచ్చే పెద్దలు ఏదో చదివి బిడ్డ మీద ఊదుతారు, సీసాలోని నీళ్ల మీద ఊది ఇస్తారు. జ్వరము, దిష్టి, రాత్రివేళ ఉలికిపాటు, ఇలాంటివాటికి ఆ వరుసలో నిలబడేవారిలో హిందూ స్త్రీలు ఉంటారు, మన సంఘములవారూ ఉంటారు. ఆదివారము నాడు ఆ సంగతి ఎవరూ సాక్ష్యములో చెప్పరు కాని కాపరులకు తెలియనిది కాదు. దానితో ముస్లిముల ప్రార్థన అంటే ఊదడము, తాయెత్తు, దర్గా మ్రొక్కుబడి అనే అభిప్రాయము స్థిరపడినది. మనము పరిశీలించబోయే దుఆలో జ్వరము మాట లేదు, డబ్బు మాట లేదు, శత్రువు మాట లేదు. అందుకే దానిని ఎన్నుకొన్నాము.

ఇక్కడి ముస్లిములలో అందరి ఇంటిభాష ఉర్దూ కాదు. కృష్ణా, గుంటూరు ప్రాంతములలోని నూర్‌బాషా, అనగా దూదేకుల కుటుంబములు తరతరాలుగా తెలుగే మాటలాడతాయి. దూదిని ఏకి శుభ్రపరచడము వారి పూర్వపు వృత్తి. అరబీలో ఆ పనివానిని హల్లాజ్ అంటారు. బాగ్దాదులో 922లో మరణశిక్ష పొందిన సూఫీ మన్సూర్ హల్లాజ్ పేరులో ఉన్నది ఆ మాటే. గింజను, చెత్తను విడదీసి దూదిని విప్పార్చే ఆ పని మన అంశమునకు దూరమైనది కాదని ముందుకు పోయేకొలది తెలుస్తుంది.

నమాజు, దుఆ ఒకటి కావు. నమాజునకు వేళలున్నాయి, వంగడము, సాష్టాంగపడడము వంటి క్రమమున్నది, చదివే భాగములు అరబీలో ఉంటాయి. దుఆ అంటే పిలుచుట, వేడుకొనుట. నమాజు వెలుపల దానిని ఏ భాషలోనైనా, ఏ వేళనైనా చేయవచ్చును. అయినా ప్రవక్త నోట వెలువడినవని చెప్పబడిన దుఆలకు, వాటిని మస్నూన్ దుఆలంటారు, ప్రత్యేకమైన విలువ ఇస్తారు. వాటిని చేర్చిన చిన్న పుస్తకములు శతాబ్దములుగా వాడుకలో ఉన్నాయి. 1277లో మరణించిన నవవీ కూర్చిన అజ్కార్ వాటిలో పేరుపొందినది. మన కాలములో అరబీ మాటలను తెలుగు లిపిలో వ్రాసి, క్రింద తెలుగు అర్థము చేర్చిన పుస్తకములు వచ్చాయి.

క్రైస్తవులలో ఈ చిన్న పుస్తకములను శ్రద్ధగా చదివినవారిలో కాన్‌స్టన్స్ పాడ్విక్‌ను చెప్పుకోవాలి. చర్చి మిషనరీ సొసైటీ పక్షముగా కైరోలో పనిచేసిన ఈమె, మసీదుల దగ్గర, బజారులలో అమ్మే ప్రార్థన పుస్తకములను అనేక దేశములనుండి సేకరించి, సామాన్య ముస్లిము ఏమని ప్రార్థిస్తాడో చూపే గ్రంథమును 1961లో వెలువరించారు. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అనే ఇద్దరిని మచిలీపట్నమునకు పంపినది కూడ ఆ సొసైటీయే. మన కృష్ణా ప్రాంతపు సంఘములకు ఆ వారసత్వములో సగము బాగా తెలుసు, రెండవ సగము తెలియదు. హైదరాబాదులోని హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్ 1930లో లాహోరులో ఆరంభమై తరువాత ఇక్కడికి చేరినది. దాని గ్రంథాలయమును వాడుకొన్న తెలుగు కాపరులు ఎందరో లెక్కించనవసరము లేదు.

దుఆలో ఏమున్నది

ముందుగా దీనిని చెప్పినవానిని గూర్చి. జైద్ బిన్ అర్ఖమ్ మదీనా వాసి, అన్సారులలోనివాడు. ఆయన యౌవనములో జరిగిన ఒక సంఘటనను హదీసు గ్రంథములు చెబుతాయి. అబ్దుల్లా బిన్ ఉబై అనే నాయకుడు ప్రవక్తకు విరోధముగా పలికిన మాటలను జైద్ విని తెలియజేశాడు. ఆ నాయకుడు ఒట్టుపెట్టుకొని కాదన్నాడు. అందరూ కుర్రవాని మాటనే అనుమానించారు. జైద్ దుఃఖముతో ఇంట్లో కూర్చుండిపోయాడు. తరువాత ఖుర్ఆన్ 63వ సూరా అవతరించినప్పుడు అతడు చెప్పినది నిజమని తేలినదంటారు. విన్నదానిని విన్నట్టే చెప్పినందుకు మాటపడ్డ మనిషి ఆయన. ఈ దుఆను చెప్పేటప్పుడు కూడా దైవప్రవక్త పలికినది తప్ప వేరేమీ చెప్పనని ముందుగా అని, తరువాతనే మొదలుపెడతాడు. 875లో మరణించిన నైషాపూరు పండితుడు ముస్లిం బిన్ హజ్జాజ్ దీనిని తన సంకలనములో ధ్యానము, దుఆ, పశ్చాత్తాపము అనే విభాగములో చేర్చాడు.

దుఆ మూడు భాగములుగా నడుస్తుంది. మొదటి భాగములో ఆరింటినుండి దేవుని శరణు కోరుతాడు: అశక్తత, సోమరితనము, పిరికితనము, లోభము, మితిమీరిన ముసలితనపు దుస్థితి, సమాధిలోని యాతన. మధ్యభాగములో తన నఫ్స్‌కు తఖ్వాను ఇమ్మని, దానిని శుద్ధి చేయుమని అడుగుతాడు. శుద్ధి చేయువారిలో దేవునికంటె శ్రేష్ఠుడు లేడని, తన నఫ్స్‌కు సంరక్షకుడు, యజమానుడు ఆయనే అని ఒప్పుకొంటాడు. చివరి భాగములో మరి నాలుగింటినుండి శరణు కోరుతాడు: ప్రయోజనము లేని జ్ఞానము, దేవుని యెదుట లోబడని హృదయము, ఎంతకూ తృప్తిపడని నఫ్స్, అంగీకరింపబడని ప్రార్థన.

మొదటి ఆరింటిలో తొలి నాలుగు జంటలుగా కూర్చబడినవని పూర్వ వ్యాఖ్యాతలు గమనించారు. డమాస్కసులో 1350లో మరణించిన ఇబ్న్ ఖయ్యిమ్ వివరణ ప్రకారము అశక్తతలో మనస్సు ఉన్నా చేతకాదు, సోమరితనములో చేతనైనా మనస్సు రాదు. పిరికివాడు తన దేహమును ఇతరుల మేలుకు ఇవ్వకుండా దాచుకొంటాడు, లోభి తన ధనమును దాచుకొంటాడు. అంతరంగ బలము అనే మాటకు ఇంతకంటె కాపరులకు పనికివచ్చే వివరణ మాకు కనబడలేదు. బలము అంటే కండబలమో, ధైర్యముగా కేకలు వేయడమో కాదు. చేయవలసినదానికి మనస్సు, చేయి రెండూ కలిసి రావడము. ఉన్నదానిని పట్టుకొని కూర్చోకపోవడము. సంఘములో సేవ ఎందుకు ఆగిపోయినదో విచారించిన ప్రతి కమిటీ ఈ నాలుగింటిలో ఏదో ఒకదాని దగ్గరకే వస్తుంది, అయితే మినిట్సులో ఆ పేరు వ్రాయరు.

ముసలితనపు దుస్థితినుండి శరణు కోరడము ముసలితనమును ద్వేషించడము కాదు. తెలివి తప్పి, ఇతరుల మీద భారముగా పడి ఉండే స్థితినుండి కాపాడుమని దాని భావము. కీర్తన 71లో వృద్ధాప్యమందు తన్ను విడువవద్దని భక్తుడు చేసే మనవి దీనికి సమీపముగా ఉన్నది. సమాధి యాతన అనే విశ్వాసము మాత్రము మనకు అపరిచితమైనది. మరణమునకు, పునరుత్థానమునకు నడుమ సమాధిలోనే విచారణ ఉంటుందని ఇస్లామీయ సంప్రదాయము బోధిస్తుంది. దానిని ఇక్కడ విస్తరించబోము.

నఫ్స్, తఖ్వా, తజ్కియా

వ్యాసము పేరులో ఆత్మశుద్ధి అని వ్రాశాము, వాడుకలో ఉన్న మాట కాబట్టి. నిజానికి నఫ్స్ అంటే ఆత్మ అనడము సరిగా అతకదు. హెబ్రీ చదివిన విద్యార్థికి ఇది వెంటనే తెలుస్తుంది. అరబీ నఫ్స్, హెబ్రీ నెఫెష్ ఒకే మూలమునకు చెందిన మాటలు. కీర్తనలలో భక్తుడు తన నెఫెష్‌తో మాటలాడినప్పుడు తెలుగు బైబిలు దానిని ఎక్కువగా ప్రాణము అని అనువదిస్తుంది. ఆత్మకు హెబ్రీలో రూఆహ్, అరబీలో రూహ్ ఉన్నాయి. నఫ్స్ అంటే ఆకలిగొనే, కోరుకొనే, భయపడే, తన్ను తాను సమర్థించుకొనే ఈ నేను. ఖుర్ఆన్ దానిని మూడు స్థితులలో చూపుతుంది: కీడుకు ప్రేరేపించే నఫ్స్ (12:53), తన్ను తానే నిందించుకొనే నఫ్స్ (75:2), నెమ్మది పొందిన నఫ్స్ (89:27). వీటిలో మొదటిది యోసేపు వృత్తాంతములో వచ్చే మాట. ఆదికాండము 39వ అధ్యాయము బోధించేవారు ఆ సూరాను ఒకసారి చదివితే మేలు.

తఖ్వా అనే మాటకు మూలార్థము కాపాడుకొనుట. ముండ్లదారిలో బట్ట చిక్కకుండ ఒడిసి పట్టుకొని నడిచేవాని జాగ్రత్త వంటిది అని ఒక ప్రాచీన వివరణ ఉన్నది. పత్తి చేలో, మిరప చేలో కంచె ప్రక్కగా నడిచినవారికి దీనిని విప్పి చెప్పనక్కరలేదు. తెలుగు ఇస్లామీయ రచనలలో తఖ్వాకు దైవభీతి అని, భయభక్తులు అని అనువాదములు కనిపిస్తాయి. ఈ రెండవ మాట మన తెలుగు బైబిలులో యెహోవాయందలి భయభక్తులు అని అడుగడుగునా ఉన్నదే. ఇరువర్గములవారు ఒకే తెలుగు మాటను ఎన్నుకొన్నారు. భయమునకు భక్తిని జోడించిన ఈ సమాసము మూలములోని భావమును చక్కగా పట్టుకొన్నదని మా అభిప్రాయము.

అయితే ఇక్కడ గమనింపవలసినది వేరొకటి. ఈ దుఆలో తఖ్వాను తాను సంపాదించితినని భక్తుడు చెప్పడు. ఇమ్మని అడుగుతాడు.

ఇక తజ్కియా. దీని మూలములో శుభ్రత ఉన్నది, ఎదుగుదల కూడా ఉన్నది. జకాత్ అనే మాట ఇందులోనిదే. సంవత్సరము నిలువ ఉన్న ధనములో నూటికి రెండున్నర వంతు తీసి ఇచ్చినప్పుడు మిగిలినది శుద్ధమై వర్ధిల్లుతుందని ఆ మాట వెనుక తలంపు. కలుపు తీస్తే పైరు శుభ్రపడడము, ఎదగడము ఒకే పనిలో జరిగినట్టు. యోహాను సువార్త 15:2లో ద్రాక్షతీగెను గూర్చి యేసు ప్రభువు వాడిన క్రియ గ్రీకులో కథైరే. అదీ ఇలాంటి జంట అర్థము కలదే. కత్తిరించుట, శుభ్రపరచుట రెండిటికీ అది చెల్లుతుంది, ఫలించడము దాని ఉద్దేశము. వెంటనే వచ్చే 3వ వచనములో అదే మూలము నుండి పవిత్రులు అనే మాట వస్తుంది. తెలుగులో ఈ సంబంధము కనబడదు గనుక ప్రసంగించేవారు విప్పి చెప్పవలసి ఉంటుంది.

ఖుర్ఆన్ 91వ సూరాలో ఈ మాట వచ్చే చోటు ఈ దుఆకు పునాది వంటిది. సూర్యుడు, చంద్రుడు, పగలు, రాత్రి, ఆకాశము, భూమి, వీటి సాక్షిగా ప్రమాణములు చేసి, చివరకు నఫ్స్ సాక్షిగా ప్రమాణము చేసి, దానికి దుర్నీతిని, తఖ్వాను రెండిటిని ఎరుకపరచినట్టు ఆ సూరా చెబుతుంది. తరువాత నఫ్స్‌ను శుద్ధి చేసినవాడు సఫలుడని, దానిని పూడ్చివేసినవాడు విఫలుడని అంటుంది. సఫలుడు అనే చోట ఉన్న అరబీ క్రియ ఫలాహ్ అనే మూలములోనిది. నేలను దున్నేవానికి ఫల్లాహ్ అని పేరు. మన చెవిన అజాను పడే ప్రతిసారి ఈ ఫలాహ్ అనే మాట పడుతూనే ఉన్నది, సాఫల్యమునకు రమ్మనే పిలుపులో. దున్నడము, పెంచడము, పూడ్చడము అనే మూడు నేలపని మాటలతో ఆ రెండు వాక్యములు నడుస్తున్నాయన్నమాట. ఈ సూరా చదువుతూ ప్రవక్త ఇక్కడ ఆగి ఈ దుఆ చేసేవారని వ్యాఖ్యానములలో ఒక కథనము ఉన్నది.

శుద్ధి చేయువాడు ఎవరు

మన ప్రశ్న ఇక్కడికి వస్తుంది. 91వ సూరాలో శుద్ధి చేసినవాడు సఫలుడని ఉన్నది కదా, మనిషి తన శుద్ధికి తానే కర్త అని దాని అర్థము కాదా? పరీక్ష పేపరులో రెండు వాక్యములు వ్రాసే విద్యార్థి ఆధారము ఈ వచనమే. అయితే అదే ఖుర్ఆన్ 53:32లో మిమ్మును మీరే శుద్ధులని చెప్పుకొనవద్దని హెచ్చరిస్తుంది. 24:21లో దేవుని అనుగ్రహము, కరుణ లేకపోయిన యెడల ఎవరును ఎన్నడును శుద్ధులు కాజాలరని, తాను కోరినవారిని శుద్ధి చేయువాడు దేవుడే అని అంటుంది. ఇస్లామీయ పండితులు ఈ వచనములను ఒకదానితో ఒకటి కొట్టివేయలేదు. మనిషి పూనుకోవాలి, ఫలము దేవునిది అని కలిపి చదివారు. 1111లో మరణించిన గజాలీ తన ఇహ్యా గ్రంథములో నాల్గవ వంతు భాగమును మనిషిని నాశనము చేసే అవలక్షణములకే కేటాయించి, వాటితో పోరాడే ఉపాయములు చెబుతాడు. అంత సాధన చెప్పినవాడు కూడా దుఆకు ప్రత్యేకముగా ఒక భాగము ఉంచాడు.

ఆయిషా చెప్పినట్లుగా ముస్నద్ అహ్మద్‌లో ఒక కథనము ఉన్నది. ఒక రాత్రి పడకలో ప్రవక్త కనబడక, చీకటిలో చేతితో తడవి చూస్తే ఆయన సాష్టాంగపడి ఉన్నారు, నఫ్స్ శుద్ధి కొరకైన ఈ మనవినే చేస్తున్నారు. జనము చూడని వేళ, దీపము లేని గదిలో, నేలకు నుదురు ఆనించి చేసే ప్రార్థనగా ముస్లిము సంప్రదాయము దీనిని జ్ఞాపకము ఉంచుకొన్నది. క్రియలు మాత్రమే ఎరిగిన మతము అని ఒక్క ముక్కలో తేల్చేవారు ఈ దృశ్యమును ఎక్కడ అమర్చుతారో ఆలోచించాలి.

మన లేఖనములను ఇదే కంటితో చూద్దాము. తజ్కియాకు బంధువైన హెబ్రీ క్రియ జాకాహ్. సామెతలు 20:9లో, తన హృదయమును శుద్ధపరచుకొంటినని ఎవడు చెప్పగలడు అనే భావముగల ప్రశ్న ఉన్నది. అక్కడి క్రియ ఇదే. కీర్తన 73:13లో ఆసాపు తాను హృదయమును శుద్ధి చేసికొనడము వ్యర్థమైపోయినదని వాపోయినప్పుడు ఇదే క్రియ. కీర్తన 119:9లో యౌవనస్థుడు తన నడతను ఎలా శుద్ధి చేసికొంటాడని అడిగినప్పుడూ ఇదే. మూడు చోట్ల కర్త మనిషే. ఒక చోట అసాధ్యమని, ఒక చోట వ్యర్థమని, ఒక చోట వాక్యము వలన సాధ్యమని. క్రొత్త నిబంధనలో 1 పేతురు 1:22 విశ్వాసులు సత్యమునకు లోబడి తమ ప్రాణములను, గ్రీకులో ప్సుఖే, తామే పవిత్రపరచుకొన్నట్టు చెబుతుంది. యాకోబు 4:8 కూడా ఆజ్ఞగానే ఉన్నది. ఫిలిప్పీయులకు 2:12, 13 వచనములు ఒక్క వాక్యములోనే మనిషి పూనికను, దేవుని పనిని ప్రక్క ప్రక్కన పెట్టాయి. పొరుగువాని గ్రంథములోని ఆజ్ఞలను మాత్రమే ఏరి, మన గ్రంథములోని వాగ్దానములను మాత్రమే ఏరి, రెండిటిని పోల్చడము న్యాయమైన తూకము కాదు.

అయితే భేదము లేదా? ఉన్నది, అది చిన్నది కాదు. ఇస్లాము బోధలో ప్రతి బిడ్డ ఫిత్రత్ అనే సహజ నిర్మల స్వభావముతో పుడతాడు. నఫ్స్‌కు మంచిచెడ్డలు రెండూ తెలియజేయబడినాయి. మరపు, బలహీనత దానికి జబ్బులు. కీర్తన 51లో దావీదు తన పుట్టుకవరకు వెనుకకు పోయి ఒప్పుకొన్నది ఈ చిత్రములో ఇమడదు. అందుకే దావీదు శుభ్రపరచుమని అడగడముతో ఆగక, క్రొత్తగా సృజించుమని అడుగుతాడు. అక్కడి క్రియ ఆదికాండము 1:1లోని బారా. ఇంకొకటి, హెబ్రీయులకు 9:14 మన శుద్ధికి క్రీస్తు రక్తమును ఆధారముగా చూపుతుంది. ఈ దుఆలో ఆధారము దేవుని యజమానత్వమే. ఆయన వలీ, ఆయన మౌలా కాబట్టి అడుగుతున్నాడు. మన ఊళ్లలో మస్తాన్ వలీ అనే పేరులో, మౌలానా, మౌల్వీ అనే మాటలలో వినబడేవి ఈ రెండే. అడిగేవాడు తన పుణ్యమును చూపడు, బలిని చూపడు, తాను ఎవని సొత్తో అది చెబుతాడు. కాబట్టి భేదమును క్రియలకు, కృపకు మధ్య గీయడము పొరపాటు. అడిగేవాని దశను గూర్చి, శుద్ధికి ఆధారమును గూర్చి గీస్తే నిజమునకు దగ్గరగా ఉంటుంది. ఈ భేదమును మరుగుపరచి రెండూ ఒకటే అనడము ముస్లిమునకు గౌరవము కాదు, మనకూ కాదు.

వాడుక విషయములో

బహిరంగ సభలలో కొందరు బోధకులు ఇలాంటి దుఆలను వాదమునకు వాడతారు. ప్రవక్తే శుద్ధి కోరాడు గనుక ఆయన పాపి అని తేల్చడము వారి వరుస. ప్రవక్తలు పాపమునుండి కాపాడబడినవారని ఇస్లాము బోధ. దేవుని యెదుట దాసుని వినయముగాను, సమాజమునకు నేర్పుటకుగాను ఆయన ఇలా ప్రార్థించాడని వారి పండితులు చెబుతారు. ఆ సమాధానమును మనము ఒప్పుకొనవలసిన పని లేదు. కాని యోహాను చేత యేసు పొందిన మారుమనస్సు బాప్తిస్మమును చూపి ఎవరైనా మనలను ఇలాగే నిలదీస్తే, మత్తయి 3:15ను వినుమని మనము అడుగుతాము గదా. వారి వివరణను వారి నోట వినడము కనీస మర్యాద. పైగా తిరువూరు వంటి చోట మైకులో అన్నమాట ఆ రాత్రికే ప్రక్కవీధికి చేరుతుంది. మరునాడు అంగడిలో ఎదురుపడేది మన విశ్వాసులు.

చివరి భాగములోని నాలుగింటిని సెమినరీలో చదివించాలని మేము కోరుతాము, ముఖ్యముగా మొదటిదానిని. ప్రయోజనము లేని జ్ఞానమునుండి శరణు కోరడము హదీసు పండితులే తమ గ్రంథములలో భద్రపరచిన మనవి. జ్ఞానము వృత్తిగా పెట్టుకొన్నవారు తమకు విరోధముగా తామే దాచుకొన్న మాట అది. ఆ వెంటనే లోబడని హృదయము, తృప్తిలేని నఫ్స్, చివరకు వినబడని ప్రార్థన. ఈ క్రమములో ఒకటి మరొకదానికి దారితీస్తుందని చదివినవారు ఉన్నారు. డిగ్రీ తరువాత డిగ్రీ, మీటింగు తరువాత మీటింగు, వ్యక్తిగత ప్రార్థన ఎండిపోవడము అనే క్రమము తెలిసిన కాపరికి ఇది పరాయి మాటగా తోచదు.

ఆరాధనలో దీనిని చదువవచ్చునా అని ఒక ప్రశ్న వస్తుంది. వద్దని మా అభిప్రాయము. సంఘము చేసే ప్రార్థనకు ఆధారము వేరు. పైగా ఒకరి ప్రార్థనను వారి ఇంటినుండి తెచ్చి మన బల్ల మీద అలంకారముగా పెట్టుకోవడము మర్యాద కాదు. ఆస్పత్రి వార్డులో ప్రక్క మంచము దగ్గర ముస్లిము కుటుంబము దుఆ చేస్తున్నప్పుడు, కాపరి లేచి నిలబడితే చాలునా, ఆమేన్ అనవచ్చునా? వారు ఆమీన్ అంటారు, మనము ఆమేన్ అంటాము, మాట ఒకటే. మధ్యభాగములోని మనవికి, అనగా దేవుడే శుద్ధి చేయవలెను, ఆయనకంటె శ్రేష్ఠముగా చేయగలవాడు లేడు అనేదానికి, తాను ఎవరిని ఉద్దేశించి పలుకుతున్నాడో ఎరిగిన కాపరి ఆమేన్ అనడానికి మాకు అభ్యంతరము కనబడదు. సమాధి యాతనను గూర్చిన మనవి దగ్గర మౌనముగా ఉండవచ్చును. ఎవరూ దానిని తప్పుపట్టరు. తరువాత సంఘములో ఎవరైనా ఈ విషయమై నిలదీసి అడిగితే, సామెతలు 20:9 తెరచి, అక్కడి ప్రశ్నను ముందుగా వారినే చదవమనవచ్చును.